పాడవుతున్న డెస్క్‌టాప్‌లో లోపం ఏ భాగంలో ఉందో ఎలా తేల్చుకోవాలి

డెస్క్‌టాప్ కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టగానే చాలామంది అనుమానం వచ్చిన భాగాన్ని కొత్తది కొని బిగిస్తారు. ఒక్కోసారి అది ఫలిస్తుంది. ఫలించనప్పుడు డబ్బు ఖర్చయి లోపం మాత్రం అలాగే మిగులుతుంది. ఒకే లక్షణం వెనుక నాలుగైదు కారణాలు ఉండటమే ఇందుకు మూలం. బరువైన పని చేస్తుండగా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయిందంటే ప్రాసెసర్ వేడెక్కి ఉండవచ్చు, పవర్ సప్లై ఆ భారం మోయలేక చేతులెత్తేసి ఉండవచ్చు, గ్రాఫిక్స్ కార్డు చెడి ఉండవచ్చు, సరిగా దిగని ఒక కనెక్టర్ కూడా కారణం కావచ్చు.

అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఒకే నియమం మీద నడుస్తుంది. ఒక భాగాన్ని తీసినప్పుడు లోపం పోవాలి, అదే భాగాన్ని మళ్లీ పెట్టినప్పుడు లోపం తిరిగి రావాలి. ఈ రెండూ జరిగితేనే దాన్ని దోషిగా తేల్చాలి. మొదటిది మాత్రమే జరిగితే, తీసి పెట్టే క్రమంలో కదిలిన కనెక్టర్ వల్లనే కంప్యూటర్ బాగుపడి ఉండే అవకాశం ఉంది. ఒకేసారి రెండు మార్పులు చేసినా ఇదే చిక్కు వస్తుంది, దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

క్యాబినెట్ విప్పకముందు

కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతూ ఉంటే అన్నిటికంటే ముందు అవసరమైన ఫైళ్లను మరో డిస్కులోకి కాపీ చేసుకోండి. పరీక్షలు డిస్కు మీద భారం పెంచుతాయి. ఈ రోజు తెరుచుకున్న ఫోల్డర్ రేపు తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

తర్వాత లక్షణాన్ని కాగితం మీద రాయండి. "పని చేయడం లేదు" అని కాకుండా, ఆన్ చేసిన వెంటనే వస్తోందా, కాసేపు నడిచాక వస్తోందా, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వస్తోందా, ఏ పని చేస్తుండగా వస్తోంది, దానికి ముందు ఏమి మార్చారు అన్న ప్రశ్నలకు సమాధానాలు రాసుకోండి. కొత్త ర్యామ్ వేసిన తర్వాత, బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసిన తర్వాత, లేదా కంప్యూటర్‌ను ఒక గది నుంచి మరో గదికి మార్చిన తర్వాత మొదలైన లోపం సగం తేలినట్టే.

విండోస్ వాడేవారు ఈవెంట్ వ్యూయర్ (కంప్యూటర్‌లో జరిగినవాటి చిట్టాను చూపే విండోస్ ప్రోగ్రామ్) తెరిచి, లోపం వచ్చిన సమయానికి నమోదైన ఎర్రర్లను చూడాలి. అక్కడ తరచుగా కనిపించే కెర్నల్-పవర్ 41 అనే నమోదును చూసి, పేరులో పవర్ ఉంది కదా అని పవర్ సప్లైని నిందించకండి. కంప్యూటర్ పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది అన్నదే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు. అంతకంటే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో వచ్చే నమోదులు విలువైనవి, ఎందుకంటే అవి హార్డ్‌వేర్ స్వయంగా గుర్తించి నివేదించిన తప్పులు.

లోపం హార్డ్‌వేర్‌దా, సాఫ్ట్‌వేర్‌దా అన్నది తేల్చడానికి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వంటి లైనక్స్‌ను సిద్ధం చేసి, దాని నుంచే బూట్ చేసి కొంతసేపు వాడి చూడండి. అక్కడ కూడా అదే లోపం వస్తే విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం వృథా శ్రమ. అక్కడ రాకపోతే మాత్రం తొందరపడి సాఫ్ట్‌వేరే కారణమని నిర్ణయించకూడదు. పెన్‌డ్రైవ్ నుంచి నడిచినప్పుడు లోపలి డిస్కు మీద పని పడదు కాబట్టి, దోషం డిస్కులోనూ ఉండవచ్చు. ఇక బయోస్ తెర మీద ఉండగానే హ్యాంగ్ అయ్యే కంప్యూటర్ విషయంలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏ పాత్రా లేదు.

విప్పే ముందు ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. మదర్‌బోర్డులో మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. ఏ భాగాన్ని ముట్టుకునే ముందైనా క్యాబినెట్‌లో రంగు వేయని లోహపు భాగాన్ని చేత్తో తాకండి. వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటో తీసుకోండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ తీసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లు ప్రమాదకరమైన వోల్టేజీని నిలుపుకుని ఉంటాయి.

అసలు ఆన్ కాకపోతే

బటన్ నొక్కితే ఫ్యాన్ తిరగదు, లైటు వెలగదు అన్నప్పుడు బయటి నుంచి లోపలికి రండి. గోడ సాకెట్‌లో మరో పరికరం పెట్టి చూడండి, పవర్ కేబుల్ మార్చి చూడండి, పవర్ సప్లై వెనుక ఉన్న చిన్న స్విచ్ ఆఫ్‌లో లేదని చూసుకోండి. ఇవి చెప్పాల్సినంత విషయాలు కావనిపిస్తుంది కానీ, వీటిని చూడకుండా క్యాబినెట్ విప్పితే తర్వాత నవ్వుకోవాల్సి వస్తుంది. కీబోర్డు, మౌస్ సహా అన్ని యూఎస్‌బీ పరికరాలనూ తీసి ప్రయత్నించండి. వంగిన ఒక యూఎస్‌బీ పిన్ షార్ట్ అయినా కంప్యూటర్ మొత్తం ఆన్ కాకుండా ఆగిపోగలదు.

ఆ తర్వాత అనుమానించాల్సింది క్యాబినెట్ బటన్‌నే. మదర్‌బోర్డు అడుగు మూలలో ముందు ప్యానెల్ వైర్లు వచ్చి చేరే చోట పవర్ స్విచ్‌కు చెందిన రెండు పిన్నులు ఉంటాయి. వాటి స్థానం మదర్‌బోర్డు మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. ఆ వైరు తీసేసి, ప్లగ్ పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నులనూ ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ ఆన్ అయితే చెడినది బటన్ మాత్రమే.

అది కూడా పని చేయకపోతే ప్లగ్ తీసి, మదర్‌బోర్డుకు వచ్చే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌నూ, ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్‌నూ తీసి, కొక్కెం టిక్కుమని పట్టేదాకా మళ్లీ గట్టిగా పెట్టండి. ఆ రెండోది మరిచిపోతే ఫ్యాన్లు తిరిగినా తెర మీద ఏమీ రాదు.

ఇప్పుడు పవర్ సప్లైని విడిగా పరీక్షించవచ్చు. దాన్ని అన్ని భాగాల నుంచి వేరు చేసి, ప్లగ్ కూడా తీసి ఉంచి, 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్నునూ, దాని పక్కనున్న 17వ పిన్నునూ ఒక పేపర్ క్లిప్‌తో కలపాలి. పాత పవర్ సప్లైలలో 16వ పిన్ను వైరు ఆకుపచ్చగా, 17వది నల్లగా ఉంటుంది. కొత్తవాటిలో వైర్లన్నీ నలుపే కాబట్టి, ఊహ మీద కాకుండా మాన్యువల్‌లోని పిన్ల పటం చూసి లెక్కపెట్టి కలపండి. పొరపాటున వేరే పిన్నును కలిపితే షార్ట్ అవుతుంది. తర్వాత ప్లగ్ పెట్టి స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోయినా వెంటనే పనికిరాదని తేల్చకండి. భారం లేనప్పుడు ఫ్యాన్‌ను ఆపి ఉంచే పవర్ సప్లైలు ఇప్పుడు చాలా ఉన్నాయి, కాబట్టి ఒక క్యాబినెట్ ఫ్యాన్‌ను తగిలించి అది తిరుగుతుందో లేదో చూడాలి.

అలాగే, ఫ్యాన్ తిరిగినంత మాత్రాన పవర్ సప్లై బాగున్నట్టు కాదు. భారం లేనప్పుడు సరిగా ఉన్న వోల్టేజీ భారం పడగానే కుంగిపోవచ్చు. మల్టీమీటర్ వాడటం అలవాటున్నవారు, కంప్యూటర్ నడుస్తుండగా కనెక్టర్ వెనుక వైపు నుంచి, వైరు లోపలికి వెళ్లే సందులో మీటర్ మొనను ఆనించి చూడవచ్చు. పసుపు వైరు మీద 12 వోల్టులు, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 ఉండాలి, అనుమతించే తేడా 5 శాతం. అంటే 12 వోల్టుల వైరు మీద 11.4 నుంచి 12.6 వరకు ఏదైనా ఫర్వాలేదు. 11.4 కంటే తగ్గినా, అంకె స్థిరంగా నిలవకుండా కిందికీ పైకీ ఊగుతున్నా పవర్ సప్లైని నమ్మకండి. మొన జారితే పక్క పిన్నుతో షార్ట్ అవుతుంది కనుక, చేయి అలవాటు లేనివారు ఈ కొలతను వదిలేసి, సరిపడా వాట్లున్న మరో మంచి పవర్ సప్లైని తాత్కాలికంగా పెట్టి చూడటమే మేలు.

అలా మార్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. విడదీయగలిగే కేబుళ్లున్న పవర్ సప్లై అయితే, పాతదాని కేబుళ్లను కొత్తదానికి ఎన్నడూ తగిలించకండి. కనెక్టర్ ఆకారం ఒకేలా ఉన్నా, పవర్ సప్లై వైపు పిన్ల అమరిక కంపెనీకో తీరుగా ఉంటుంది, ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా తేడా ఉండవచ్చు. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వోల్టులు వచ్చి డిస్కులు కాలిపోవడానికి ఈ ఒక్క పొరపాటు చాలు.

ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది

ముందుగా మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కేబుల్ దానికే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు కాదు. కార్డు తీసి మదర్‌బోర్డు పోర్టుతో పరీక్షిద్దామనుకుంటే, మీ ప్రాసెసర్‌లో అంతర్గత గ్రాఫిక్స్ ఉందో లేదో తెలుసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవాటిలో అది ఉండదు. ఆ ప్రాసెసర్‌తో మదర్‌బోర్డు పోర్టు నుంచి ఏ బొమ్మా రాదు, అది లోపమూ కాదు.

చాలా మదర్‌బోర్డులు తమ బాధ తామే చెప్పుకుంటాయి. కొన్నింటిలో ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అనే నాలుగు దశలకు నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా నిలిచిపోయిందో ఆ దశలో చిక్కుందని అర్థం. మరికొన్ని బీప్ శబ్దాలు చేస్తాయి, అయితే ఎన్ని బీప్‌లకు ఏమి అర్థమన్నది బయోస్ తయారీదారును బట్టి మారుతుంది. కాబట్టి మీ బోర్డు మాన్యువల్‌లోని పట్టికనే నమ్మండి.

ర్యామ్ దశలో ఆగితే స్టిక్కులన్నీ తీసి, ఒక్కదాన్నే మాన్యువల్ సూచించిన స్లాట్‌లో పెట్టండి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఇది సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. స్టిక్కు అడుగున వరుసగా ఉండే బంగారు పూత పట్టీలను వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. మసకగానో, వేలిముద్రల మరకలతోనో కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, నూగు రాలని గుడ్డతో ఒకే దిశలో తుడిచి ఆరనివ్వండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది. పని అవుతుంది కానీ, పదేపదే రుద్దితే పూత అరిగిపోతుంది, రబ్బరు పొడి స్లాట్‌లో పడితే కొత్త తంటా. స్టిక్కును పెట్టేటప్పుడు కొక్కెం దానంతటదే పైకి లేచి పట్టేలా రెండు చివరలా సమానంగా నొక్కాలి. ఒక కొస మిల్లీమీటరు ఎత్తులో ఉండిపోయినా బోర్డుకు ర్యామ్ కనిపించదు.

అప్పటికీ రాకపోతే బయోస్ సెట్టింగులను చెరిపేయండి. ప్లగ్ తీసి, నాణెంలా గుండ్రంగా ఉండే సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయట ఉంచినా, మాన్యువల్ చూపిన జంపర్‌ను (బోర్డు మీది ఒక చిన్న పిన్నుల జతను) కలిపినా సరిపోతుంది. ఆ బ్యాటరీ 3 వోల్టులది. తేదీ, సమయం తరచూ వెనక్కి పోతుంటే కొత్తది వేయండి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కంప్యూటర్లు సెట్టింగులు చెరిపిన తర్వాత మొదటిసారి ఆన్ అయ్యేటప్పుడు ర్యామ్‌ను సరిచూసుకుంటూ కొన్ని నిమిషాలు నల్లతెరతోనే ఉంటాయి. ఓపిక పట్టండి, మధ్యలో ఆపకండి.

ఇవేవీ ఫలించకపోతే కంప్యూటర్‌ను కనీస స్థితికి తీసుకురండి: మదర్‌బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక్క ర్యామ్ స్టిక్కు, పవర్ సప్లై, తెర కోసం అవసరమైతేనే గ్రాఫిక్స్ కార్డు. డిస్కులు కూడా వద్దు. ఈ స్థితిలో బయోస్ తెర వస్తే, ఒక్కొక్క భాగాన్నే చేరుస్తూ ప్రతిసారీ ఆన్ చేసి చూడండి. ఏది చేర్చినప్పుడు ఆగిందో దాన్ని తీసి, మళ్లీ చేర్చి, లోపం దానితోపాటే వచ్చిపోతోందని నిర్ధారించుకోండి.

నడుస్తూ నడుస్తూ రీస్టార్ట్ అవడం, బ్లూ స్క్రీన్ రావడం

ఇది అన్నిటికంటే విసుగు పుట్టించే రకం, ఎందుకంటే లోపం మనం చూస్తున్నప్పుడు రాదు. బ్లూ స్క్రీన్ మీద వచ్చే కోడ్‌ను ప్రతిసారీ రాసుకోండి. ప్రతిసారీ ఒకే డ్రైవర్ (ఒక పరికరాన్ని విండోస్ నడపడానికి వాడే ప్రోగ్రామ్) పేరు కనిపిస్తే ముందు ఆ డ్రైవర్‌ను మార్చి చూడండి. ఒకదానికొకటి పొంతన లేని కోడ్‌లు వస్తుంటే మొదట ర్యామ్‌ను అనుమానించండి.

ర్యామ్ పరీక్షకు మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి బూట్ చేసి, కనీసం నాలుగు పాస్‌లు (పరీక్షల పూర్తి ఆవృతాలు) పూర్తయ్యేదాకా వదిలేయండి. ర్యామ్ ఎక్కువగా ఉంటే రాత్రంతా పడుతుంది. ఇక్కడ ఒక్క ఎర్రర్ వచ్చినా అది లోపమే, ఒకటే కదా అని సరిపెట్టుకోకూడదు. ఎర్రర్లు వస్తే ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే వేగం పెంచే సెట్టింగును ఆపి మళ్లీ పరీక్షించండి. ఆపితే ఎర్రర్లు పోయాయంటే స్టిక్కు పూర్తిగా చెడినట్టు కాదు, ఆ వేగాన్ని మీ ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలయిక తట్టుకోలేకపోతోంది. ఆపినా వస్తుంటే స్టిక్కులను ఒక్కొక్కటిగా ఒకే స్లాట్‌లో, తర్వాత మంచిదని తేలిన స్టిక్కును ఒక్కొక్క స్లాట్‌లో పరీక్షించండి. తప్పు స్టిక్కు వెంట తిరిగితే స్టిక్కుదే దోషం. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పు వస్తే దోషం బోర్డుది కావచ్చు, లేదా ప్రాసెసర్ సాకెట్‌లో సరిగా ఆనని ఒక పిన్నుది కావచ్చు.

ర్యామ్ నెగ్గితే వేడి సంగతి చూడండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రతను ఖాళీగా ఉన్నప్పుడూ, భారం ఉన్నప్పుడూ గమనించండి. ఎక్కువ ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అయితే ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలో పైస్థాయి ప్రాసెసర్లు పూర్తి భారం మీద 95 డిగ్రీలను తాకేలాగే రూపొందాయి, కాబట్టి అంకె ఒక్కటే చూసి కంగారు పడకండి. ఉష్ణోగ్రత పెరిగే తీరు ఎక్కువ విషయం చెబుతుంది. భారం పెట్టిన రెండు మూడు సెకన్లలోనే 40 నుంచి 95కు ఎగబాకితే హీట్‌సింక్ (వేడిని లాగేసే కూలర్ లోహపు దిమ్మ) ప్రాసెసర్‌కు సరిగా ఆనడం లేదు. నాలుగు ప్లాస్టిక్ మేకులతో బిగించే కూలర్లలో ఒక మేకు ఊడి ఉండటం చాలా మామూలు. మెల్లగా పెరుగుతూ పోతే దుమ్ము, ఆగిన ఫ్యాన్, ఎండిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని చేరవేసే పూత) వంటివి చూడాలి. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి. ఏఎండీ ఏఎం4 సాకెట్ ప్రాసెసర్ మీది కూలర్‌ను తీసేముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి పేస్ట్‌ను మెత్తబరచి, అటూ ఇటూ తిప్పుతూ తీయండి. నేరుగా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తోపాటు వచ్చేస్తుంది.

వేడి కూడా కారణం కాదని తేలితే భారాన్ని విడదీసి పరీక్షించండి. ప్రైమ్95తో ప్రాసెసర్‌ను మాత్రమే కొంతసేపు, ఫర్‌మార్క్‌తో గ్రాఫిక్స్ కార్డును మాత్రమే కొంతసేపు నడపండి. రెండూ విడివిడిగా నిలబడి, కలిపి నడిపినప్పుడు మాత్రమే కంప్యూటర్ ఆరిపోతుంటే వేలు పవర్ సప్లై వైపే చూపుతుంది. గ్రాఫిక్స్ పరీక్షలో తెర మీద రంగు చుక్కలు, గళ్లు, చిరిగిన ముక్కలు కనిపిస్తే కార్డును, దాని పవర్ కనెక్టర్లను చూడండి. స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్నుల కనెక్టర్ నుంచి 75, 8 పిన్నుల కనెక్టర్ నుంచి 150 వాట్లు వస్తాయి. పెద్ద కార్డులకు ఒకే కేబుల్‌కు వేలాడే రెండు కొసలను కాకుండా రెండు విడి కేబుళ్లను వాడటం మంచిది. 16 పిన్నుల కొత్త కనెక్టర్ అయితే చివరిదాకా దిగిందో లేదో కళ్లతో చూసి నిర్ధారించుకోండి. సగం దిగిన కనెక్టర్లు కరిగిపోయిన సందర్భాలున్నాయి.

డిస్కు అనుమానం

ఫైలు తెరిచినప్పుడల్లా కంప్యూటర్ నిలిచిపోవడం, బయోస్‌లో డిస్కు ఒకసారి కనిపించి మరోసారి కనిపించకపోవడం దీని గుర్తులు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కలు) వివరాలు తెరిచి, చెడిన లేదా చదవలేని భాగాలను లెక్కించే 05, సీ5, సీ6 వరుసల విలువలు చూడండి. హార్డ్ డిస్కులో ఇవి సున్నా దాటి రోజురోజుకూ పెరుగుతుంటే ఇక దాన్ని నమ్మకండి. డేటా చేరవేతలో వచ్చిన తప్పులను లెక్కించే సీ7 వరుస పెరుగుతుంటే మాత్రం ముందు డేటా కేబుల్ మార్చండి. పాత లెక్క చెరిగిపోదు, కానీ కొత్త కేబుల్‌తో పెరగడం ఆగితే డిస్కు మంచిదే. అన్నీ బాగున్నాయని స్మార్ట్ చెప్పినంత మాత్రాన డిస్కు బాగున్నట్టు కాదు, ముఖ్యంగా ఎస్‌ఎస్‌డీలు ఏ హెచ్చరికా లేకుండా పోతాయి. హార్డ్ డిస్కు టక్కు టక్కుమని శబ్దం చేస్తుంటే పరీక్షలన్నీ ఆపి విద్యుత్తు తీసేయండి; అందులోని డేటా ముఖ్యమైతే దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా డేటా రికవరీ నిపుణులకు ఇవ్వడమే దారి.

మిగిలినవి మదర్‌బోర్డు, ప్రాసెసర్

వీటిని నేరుగా పరీక్షించే సాధనం ఇళ్లలో ఉండదు, మిగిలిన భాగాలన్నీ నిర్దోషులని తేలాకే వీటి దగ్గరికి రావాలి. ముందు బోర్డును టార్చి వెలుతురులో చూడండి. స్థూపంలా నిలబడే కెపాసిటర్ల తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, తల మీది గీతల సందుల్లోంచి గోధుమరంగు పెచ్చు బయటికి వచ్చినా బోర్డు పని అయిపోయినట్టే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తయారైన బోర్డుల్లో ఇది విపరీతంగా కనిపించేది, ఘన కెపాసిటర్లు వచ్చాక బాగా తగ్గింది. తర్వాత బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీసి అట్టముక్క మీద కనీస స్థితిలో ఆన్ చేయండి. అక్కడ నడిచి, క్యాబినెట్‌లో నడవకపోతే బోర్డు వెనుక అనవసరమైన చోట మిగిలిపోయిన ఇత్తడి స్క్రూ దిమ్మె ఏదైనా షార్ట్ చేస్తోందేమో వెతకండి.

ప్రాసెసర్ చెడటం అరుదు. చెప్పుకోదగ్గ మినహాయింపు ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో శక్తిమంతమైన మోడళ్లు. అధిక వోల్టేజీ వల్ల అవి క్రమంగా అస్థిరమవుతున్నట్టు ఇంటెల్ 2024లో అంగీకరించి, బయోస్ ద్వారా కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ పనితీరును సరిచేసే లోపలి కోడ్) ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. మీది ఆ తరం అయితే బయోస్ అప్‌డేట్ చేయండి. అయితే అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ అప్‌డేట్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాలి.

మదర్‌బోర్డు మార్చాలని తేలితే, పాత బోర్డు ఇంకా ఎలాగోలా ఆన్ అవుతుండగానే విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉందో లేదో చూసి, ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. కొత్త బోర్డుతో మొదటిసారి ఆన్ చేసినప్పుడు విండోస్ ఆ 48 అంకెల కీని అడుగుతుంది. అది లేకపోతే డిస్కు నిక్షేపంగా ఉన్నా అందులోని ఫైళ్లు తెరుచుకోవు.